యాసే బలమైన పాట

గొంతు బాగుంటే చాలు, పాట హిట్టయిపోతుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఒక పాట జనం నోట్లో నిలవాలంటే కథ, సన్నివేశం, మాట, బాణీ, వాద్యాలు, గొంతు, రికార్డింగు ఇంజనీరు పనితనం ఇవన్నీ ఒకచోట కుదరాలి. ముందు లోపమని పక్కన పెట్టబోయిన అంశమే చివరకు పాటకు ప్రాణం కావడం కూడా కద్దు. ఇందుకు ఉదాహరణ వెతుక్కుంటూ మనం ఎక్కడికో పోనక్కరలేదు. మన నెల్లూరు గొంతే ఒకటుంది.

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని వారి ఇల్లు మన జిల్లా వాళ్ళందరికీ తెలిసిందే. ఆ ఇంటిని బాలు గారు 2020లో వేదపాఠశాల నిమిత్తం కంచి పీఠానికి అప్పగించారు. ఆయన సంగీతం గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు. ఇంజనీరు కావాలని మద్రాసులో చదువుకుంటూ పాటల పోటీలకు వెళ్ళేవారు. అక్కడ ఆయనను గుర్తించినవారు సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి 1966 డిసెంబరు 15న మొదటి పాట రికార్డయింది.

ఇక్కడ ఒక సైన్సు సంగతి చెప్పుకోవాలి. అప్పట్లో పాటను అయస్కాంత టేపు మీద ఎక్కించేవారు. టేపుకు ఐరన్ ఆక్సైడు పూత ఉంటుంది. మైకు ధ్వనిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతానికి తగ్గట్టు పూతలోని కణాలు అయస్కాంతాలుగా మారతాయి. పని అయిపోయాక టేపును తుడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. టేపు ఖరీదైనది గనుక అలాగే చేసేవారు. కానీ ఈ కుర్రవాడి పాట ఉన్న టేపును మాత్రం తుడవవద్దనీ, వచ్చిపోయే సంగీత దర్శకులకు వినిపించమనీ కోదండపాణి గారు ఇంజనీరు స్వామినాథన్ గారిని కోరారట. బాలు గారే ఈ సంగతి ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పుకున్నారు. తరువాత తాను కట్టిన రికార్డింగు థియేటరుకు గురువు పేరే పెట్టారు.

ఇక అసలు పాట దగ్గరికి వద్దాం. కె. బాలచందర్ 1978లో 'మరో చరిత్ర' తీశారు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరి ఇళ్ళలోనూ ఒప్పుకోరు. కమల్ హాసన్, సరిత నటించిన ఆ చిత్రం భీముని పట్నం సముద్రపు ఒడ్డున తయారై సంచలనం రేపింది. దాన్నే ఆయన 1981లో హిందీలో 'ఏక్ దూజే కేలియే'గా తీశారు. సముద్రం అలాగే ఉంది, ఊరు మాత్రం గోవా అయింది. అబ్బాయి తమిళుడే, అమ్మాయి హిందీ పిల్ల. సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్. పాటలు రాసింది ఆనంద్ బక్షీ.

కథానాయకుడికి బాలు చేత పాడిద్దామన్నారు బాలచందర్. సంగీత దర్శకులు జంకారు. దక్షిణాది గొంతు హిందీకి న్యాయం చెయ్యలేదని వాళ్ళ సందేహం. ఆ సందేహం ఊరికే పుట్టింది కాదు. హిందీలో ఒత్తు పలకడం, పలక్కపోవడం మీద అర్థమే మారిపోతుంది. 'బాత్' అంటే మాట, 'భాత్' అంటే అన్నం! తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. మనకు తెలుగులో నాలుగు అక్షరాలూ ఉన్నాయి గానీ, మాటల్లో 'భయం' కాస్తా 'బయం' అయిపోవడం మనం రోజూ వింటున్నదే కదబ్బా!

బాలచందర్ వాదన చాలా సూటిగా ఉంది. ఈ కథలో కుర్రాడు తమిళుడు, వాడికి హిందీ సరిగ్గా రాదు. అలాంటివాడు పాడితే కాశీ పండితుడిలా ఎందుకుండాలి? కాస్త యాస ఉంటేనే అది వాడి పాట అవుతుంది. అంతేగాక, 'మన్మథ లీల' నుంచి కమల్‌కు తెలుగులో మాటలు చెబుతున్నది కూడా బాలు గారే. ఆ నటుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలుసు.

ఆ విధంగా తెలుగువాడు, తమిళ కుర్రాడి కోసం, హిందీలో, లతా మంగేష్కర్ పక్కన నిలబడి 'తేరే మేరే బీచ్ మే' పాడారు. ఫలితం అందరికీ తెలుసు. ఆ సంవత్సరపు పెద్ద విజయాల్లో ఆ సినిమా ఒకటి. ఈ పాటకు బాలు గారికి ఉత్తమ గాయకుడిగా జాతీయ బహుమతి, బక్షీ గారికి ఫిల్మ్‌ఫేర్ బహుమతి లభించాయి. అంతకు ముందే 'శంకరాభరణం'తో జాతీయ బహుమతి అందుకున్నారాయన. అక్కడా ఇదే తంతు. శాస్త్రీయం నేర్వని తాను ఆ పాటలు పాడగలనా అని వెనకాడితే, పుహళేంది గారు దగ్గరుండి సాధన చేయించారు.

విజయంలో వాద్యకారుల వాటా కూడా మరువరాదు. ప్యారేలాల్ స్వయంగా వయొలిన్ విద్వాంసులు. ఆ పాటలోని తీగవాద్యాల బిట్టు ఒకటి ఇరవై ఏళ్ళు దాటాక ఖండాలు దాటింది. బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' పాటలో దాన్ని వాడుకున్నారు. దీన్నే శాంప్లింగ్ అంటారు. అంటే పాత రికార్డులోని ముక్కను అంకెలుగా మార్చి, కోసి, వేగమూ శ్రుతీ సవరించి కొత్త పాటలో అతికించడం. 2004లో సింగిల్‌గా విడుదలైన ఆ పాటకు 2005లో గ్రామీ బహుమతి వచ్చింది. బొంబాయి హాల్లో కూర్చుని వాయించినవారి పేర్లు మాత్రం ఆ శ్రోతల్లో ఎందరికి తెలుసు?

అయితే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 1989 నాటి సంగతి. 'మైనే ప్యార్ కియా'లో సల్మాన్ ఖాన్‌కు బాలు గారే పాడారు. ఆ కథానాయకుడు దక్షిణాదివాడు కాడు. యాస పాత్రకు సరిపోతుందనే సాకు అక్కడ పనికిరాదు. అయినా ఆ ఏడాది పాటకు ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఆయనకే దక్కింది. యాస మొదటిసారి తలుపు తెరిచి ఉండవచ్చు. లోపల నిలబెట్టింది మాత్రం ఎనిమిదేళ్ళ సాధన.

మిత్రులారా! కోవూరు, అల్లూరు, విడవలూరు పక్కన వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. సెమినారు అనగానే వెనక బెంచీకి జరిగేది పాఠం రాక కాదు, మన ఇంగ్లీషు విని ఎవరన్నా నవ్వుతారేమోనని. నవ్వేవాళ్ళు నవ్వుతారు, ఏం చేస్తాం? యాస ఉంటే ఫరవాలేదని చెప్పి సాధన మానెయ్యడం ఎంత తప్పో, యాస పోయేదాకా నోరు విప్పనని కూర్చోవడమూ అంతే తప్పు. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. టేపు తుడిచెయ్యకుండా దాచమన్న కోదండపాణి గారి వంటివారు ప్రతి క్లాసుకూ ఒకరు కావాలి. కుర్రవాడి మొదటి ప్రయత్నం తడబడినా, పదిమంది వినేదాకా దాన్ని నిలబెట్టండి.