పాట వెనకాల ఓ ఆడమనిషి - 'లేడీ బో'

రేడియోలో సినిమా పాట వస్తే పాడిందెవరో ఠక్కున చెప్పేస్తాం. అందులో గిటారు వాయించిందెవరమ్మా అంటే తెల్లమొహం వేస్తాం! రికార్డింగుకి పిలిస్తే వెళ్లి, వాయించి, డబ్బు తీసుకుని వచ్చేసే కళాకారుల పేర్లు చాలాసార్లు రికార్డు అట్ట మీద కూడా ఉండవు. మరి ఆ వాయించేది ఆడమనిషైతే? అమెరికాలో పెగ్గీ జోన్స్ అనే ఆవిడ గురించి చదవండి.

పెగ్గీ 1940లో న్యూయార్కులో పుట్టింది. డ్యాన్సు, పాట నేర్చుకుంది, ఆ తర్వాత గిటారు పట్టింది. ఎలక్ట్రిక్ గిటారంటే అప్పట్లో, ఒకరిద్దరిని మినహాయిస్తే, మగవాళ్ల సొత్తే. 1957లో అక్కడి అపోలో థియేటర్ దగ్గర గిటారుతో వెళ్తున్న ఈ పిల్ల బో డిడ్లీ కంటపడింది. నల్లజాతివారి 'రిథమ్ అండ్ బ్లూస్' సంగీతంలో అప్పటికే ఆయనది పెద్ద పేరు. గిటారునే డప్పులా మోగించేవాడు. పెగ్గీని తన బ్యాండులోకి తీసుకున్నాడు.

రెండు గిటార్లు ఒకే దరువు మీద నడవడమంటే ఒకే రోట్లో ఇద్దరు దంచడం లాంటిదే. లయ తప్పితే రోకలికి రోకలి తగులుతుంది! పెగ్గీ తప్పలేదు. స్టేజీ మీదా, రికార్డింగుల్లోనూ ఆయన పక్కనే నిలబడి వాయించింది. జనం 'లేడీ బో' అని పిలిచారు. 'ఆజ్టెక్' అనే వాద్యసంగీతం ఆమె కూర్చిందే, అందులో గిటారూ ఆమెదే. బయటికొచ్చింది మాత్రం బో డిడ్లీ రికార్డుగానే. వంట మనది, పేరు ఇంటాయనది అన్నట్టు!

1960ల మొదట్లో ఆవిడ బయటికొచ్చి 'జ్యువెల్స్' అనే సొంత బ్యాండు నడిపింది. బ్యాండు నడపడమంటే వాయించడం ఒక్కటే కాదండీ. పాటలు ఎంచాలి, రిహార్సల్స్ చేయించాలి, పదిమందిని కలుపుకుపోవాలి. పెద్ద సంసారమే! పెగ్గీ వెళ్లాక ఆ స్థానంలో బో డిడ్లీ మళ్లీ ఓ ఆడమనిషినే పెట్టుకున్నాడు. 'డచెస్' అని పేరు తెచ్చుకున్న నోర్మా జీన్ వోఫర్డ్ ఆవిడే. పెగ్గీ వేసిన దారి ఊరికే పోలేదన్నమాట.

1970లో పెగ్గీ మళ్లీ ఆయనతో కలిసింది. ఈసారి ఒంటరిగా కాదు, తన బ్యాండుతో సహా! 2015లో కన్నుమూసింది.

మీ అమ్మాయి గిటారో మృదంగమో నేర్చుకుంటానంటే "ఆడపిల్లకెందుకే" అనకండి. నేర్పించండి. కచేరీ చేసే రోజొస్తే, కరపత్రంలో దాని పేరు పడిందో లేదో కూడా చూసుకోండి.