లాప్‌టాపు పదే పదే పాస్‌వర్డు అడుగుతుంటే: రంగూన్ నుంచి ఒక లినక్సు కథ
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం కాస్త సాంకేతికమైన విషయం మాట్లాడతాను. కంగారు పడకండి, వంట చేసుకుంటూ కూడా వినొచ్చు. కమాండ్లు చెప్పే దగ్గర మాత్రం ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

నేనుండేది యాంగోన్‌లో. 1989లో పేరు మార్చక ముందు ఇది రంగూన్. మా ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకైతే ఎప్పుడూ "రంగం" మాత్రమే. 1931 జనాభా లెక్కల నాటికి ఈ ఊళ్ళో సగానికి పైగా భారతీయులే ఉండేవారు. రేవులో బియ్యం బస్తాలు మోసిన మనవాళ్ళు వేలమంది. మా అమ్మ ఇక్కడే పుట్టింది. 1964లో ఇక్కడి ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మా తాతగారు సంసారాన్ని ఓడ ఎక్కించేశారు. అప్పటికి అమ్మకి పదేళ్ళు. ఇప్పుడు విశాఖపట్నంలో, కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో ఉంటుంది.

ఇక్కడే ఉండిపోయిన బంధువుల ఇంట్లో ఒక రేకుపెట్టె నిండా పాత ఫొటోలు దొరికాయి. ఎనభై దాకా స్కాన్ చేసి నా లాప్‌టాపులో పెట్టుకున్నాను. అందులో మొహాలకి పేర్లు చెప్పగలిగిన మనిషి ఇక అమ్మ ఒక్కతే. ఆమెకి గ్లాకోమా. చూపు ఏడాదికేడాది తగ్గుతోంది. ఫోనులో పంపితే ఆ చిన్న తెర మీద ఆమెకి ఏమీ కనిపించదు. అందుకని ఒక ఆదివారం రాత్రి, ఇక్కడ ఎనిమిది గంటలకి, అంటే విశాఖలో ఏడుకి, వీడియో కాల్‌లో నా లాప్‌టాపు తెర చూపిస్తూ ఒక్కో ఫొటోకీ పేర్లు రాసుకుందామనుకున్నాం. మా మేనల్లుడు అక్కడ పెద్ద టీవీకి కంప్యూటరు తగిలించి అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టాడు.

ఆ మధ్యాహ్నమే మా ఇంట్లో రౌటరు మారింది. ఇక్కడ కరెంటు కోతలు మామూలే. పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరి పాత రౌటరు కాలిపోయింది. కొత్తది పెట్టి, పాస్‌వర్డు చీటీ రాసిచ్చి వెళ్ళారు. ఫోను వెంటనే కలిసింది. లాప్‌టాపు మాత్రం పాస్‌వర్డు అడిగింది. కొట్టాను. కాసేపు చక్రం తిరిగి మళ్ళీ అడిగింది. మళ్ళీ కొట్టాను. చీటీలో సున్నాని "ఓ" అనుకున్నానేమోనని అలా ఒకసారి, ఇలా ఒకసారి. గంటన్నర పాటు నేను చేసిన పని అదే. తొమ్మిదిన్నరకి మేనల్లుడు మెసేజి పెట్టాడు: "అమ్మమ్మ కూర్చుని కూర్చుని పడుకుంది మామయ్యా."

తరువాత తెలిసిందేమిటంటే, పాస్‌వర్డు మొదటిసారి కొట్టినప్పుడే సరిగ్గా ఉంది. నాకు లినక్సుతో పదిహేనేళ్ళ పరిచయం. అయినా తెర మీద కనబడ్డ ప్రశ్నని నమ్మి, తప్పు ఎక్కడుందో వెతకడం మానేశాను. ఈ రోజు నేను చెప్పబోయేది ఇదొక్కటే: కంప్యూటరు పాస్‌వర్డు అడిగినంత మాత్రాన పాస్‌వర్డు తప్పని కాదు. ముందు ఏ మెట్టు మీద ఆగిందో చూడండి, ఆ తరువాతే చెయ్యి పెట్టండి.

ఈ మెట్లేమిటో చెప్పడానికి మా వీధినే ఉదాహరణగా తీసుకుంటాను. రంగూన్ నడిబొడ్డున పాత మేడలకి లిఫ్టులుండవు. అందుకని బాల్కనీల నుంచి పొడుగాటి తాళ్ళు వేలాడుతుంటాయి, చివర క్లిప్పో సంచో ఉంటుంది. కింద పేపరబ్బాయో కూరలవాడో వస్తే, సరుకు అందులో పెడతాడు, పైవాళ్ళు లాక్కుంటారు. ఇది జరగాలంటే ఏం కావాలి? తాడు ఉండాలి. కూరలవాడు కనబడాలి. మనం ఫలానా అని అతను గుర్తుపట్టాలి. ఏ వాటాకి ఎంత ఇవ్వాలో తెలియాలి. చివరికి అతనికి బజారులో సరుకు దొరికి ఉండాలి. వైర్లెస్సుకీ ఇవే అయిదు మెట్లు.

మొదటి మెట్టు తాడు, అంటే లాప్‌టాపులోని వైర్లెస్ కార్డు. టెర్మినల్ తెరిచి "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" అని కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, రెండు మాటల మధ్య ఒక ఖాళీ. "సాఫ్ట్ బ్లాక్డ్" ఎదురుగా "ఎస్" అని ఉంటే సాఫ్ట్‌వేరు ఆపిందని అర్థం. "ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై" అంటే తెరుచుకుంటుంది. "హార్డ్ బ్లాక్డ్" ఎదురుగా "ఎస్" అని ఉంటే లాప్‌టాపు మీది మీట ఏదో నొక్కుకుపోయి ఉంటుంది. ఆ పట్టికలో వైర్లెస్సు ఊసే లేకపోతే డ్రైవరో, కార్డుకి కావలసిన ఫర్మ్‌వేరో లేదన్నమాట. 2005 ప్రాంతంలో లినక్సు వాడినవాళ్ళకి ఈ బాధ గుర్తుండే ఉంటుంది. ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ పెట్టి విండోస్ డ్రైవర్లు అరువు తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు అంత కష్టం లేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి డెబియన్ కూడా ఫర్మ్‌వేరుని ఇన్‌స్టాలరుతోనే ఇస్తోంది.

రెండో మెట్టు, రౌటరు కనబడటం. "ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్" అని కొట్టండి. మొదటి మాట ఎన్, ఎం, సి, ఎల్, ఐ. చుట్టుపక్కల నెట్‌వర్కులన్నీ వరసగా వస్తాయి. మీది లేకపోతే పాస్‌వర్డు జోలికి వెళ్ళనే వెళ్ళకండి. అమెరికాలో కొన్న లాప్‌టాపు తీసుకుని ఇండియాకో, ఇక్కడికో వచ్చేవాళ్ళు ఒకటి గమనించాలి. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌లో మామూలుగా వాడేవి 1 నుంచి 11 వరకు ఛానళ్ళే. చాలా దేశాల్లో 13 దాకా వాడతారు. కరెంటు పోయి వచ్చాక రౌటరు తనంతట తాను 13ని ఎంచుకుందంటే, అమెరికా లాప్‌టాపుకి అది కనబడకపోవచ్చు. నిన్న ఉన్నది ఇవాళ మాయం! రౌటరు సెట్టింగుల్లో ఛానలుని 1, 6, 11లలో ఒకదానికి స్థిరం చేసేస్తే సరి. అలాగే 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్ళు రాడార్లు కూడా వాడతాయి. వాటి మీద రౌటరు మొదలయ్యే ముందు కనీసం ఒక నిమిషం ఊరికే వింటుంది. కరెంటు రాగానే ఆదుర్దా పడకుండా కాఫీ కలుపుకోండి.

మూడో మెట్టు గుర్తుపట్టడం. నేను బోర్లా పడ్డది ఇక్కడే. మనం కొట్టిన పాస్‌వర్డు గాలిలో అలాగే వెళ్ళిపోతుందని చాలామంది అనుకుంటారు. వెళ్ళదు. డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డునీ నెట్‌వర్కు పేరునీ కలిపి, 4096 సార్లు మర పట్టినట్టు పట్టి, 256 బిట్ల తాళంచెవి తయారు చేస్తారు. ఈ పని లాప్‌టాపూ రౌటరూ ఎవరికి వారు విడిగా చేసుకుంటాయి. తరువాత నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుని, ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉందని రుజువు చేసుకుంటాయి. పాస్‌వర్డు అదే ఉన్నా నెట్‌వర్కు పేరులో ఒక్క అక్షరం మారితే తాళంచెవి మారిపోతుంది. అందుకని రౌటరు మారినప్పుడు లాప్‌టాపులో పాత కనెక్షనుని తీసేసి, కొత్తగా మొదలుపెట్టడం మంచిది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు కన్ను బొమ్మ నొక్కి అక్షరాలు కళ్ళారా చూసుకోండి. మనలో చాలామందికి తెలుగు కీబోర్డు కూడా పెట్టుకునే అలవాటుంది కదా. చుక్కల వెనక తెలుగు అక్షరాలు పడుతున్నా మనకి తెలియదు.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా నా లాప్‌టాపు కలవలేదు. మర్నాడు పొద్దున్న బుద్ధొచ్చి, ఇందాక చెప్పిన నెట్‌వర్కుల పట్టికలో చివర "సెక్యూరిటీ" అనే వరస చూశాను. పాత రౌటరుకి అక్కడ "డబ్ల్యూపీఏ2" అని ఉండేది. కొత్తదానికి "డబ్ల్యూపీఏ2 డబ్ల్యూపీఏ3" అని రెండూ ఉన్నాయి. విషయం అప్పుడు వెలిగింది.

ఇక్కడ కాస్త చరిత్ర. 1997లో మొదటి వైర్లెస్ ప్రమాణంతో వచ్చిన తాళం పేరు డబ్ల్యూఈపీ. 2001కల్లా దాన్ని ఎలా విప్పాలో లోకానికి తెలిసిపోయింది. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. ఈ చివరిదానిలో, పట్టుకున్న సందేశాలని ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా పాస్‌వర్డులు ఊహించి చూసే ఎత్తు పారదు. దానితో పాటు "కనెక్షను తెంచుకో" లాంటి అదుపు సందేశాలకి కూడా రక్షణ తప్పనిసరి చేశారు. దీన్ని పీఎంఎఫ్ అంటారు. నా లాప్‌టాపు కార్డు పాతది, దాని డ్రైవరుకి ఇది చేతకాదు. రౌటరు రెండు తాళాలూ చూపిస్తోంది. పైనున్న సాఫ్ట్‌వేరు కొత్తదాన్ని ఎంచుకుంటోంది, కిందనున్న డ్రైవరు తప్పిపోతోంది. ఎందుకు తప్పిందో డెస్క్‌టాపుకి తెలియక, పాస్‌వర్డు తప్పేమో అనుకుని మళ్ళీ నన్నే అడుగుతోంది. ఫోను కొత్తది కాబట్టి దానికి ఈ గొడవే లేదు.

మందు రెండు రకాలు. రౌటరు మీ చేతిలో ఉంటే, గెస్ట్ నెట్‌వర్కు ఒకటి తెరిచి దాన్ని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని పెట్టండి. పాత యంత్రాలు దాని మీద ఉంటాయి, మిగతావి మంచి తాళం మీదే ఉంటాయి. రౌటరు మీ చేతిలో లేకపోతే లాప్‌టాపులోనే ఈ కమాండు: "ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై", తరువాత మీ కనెక్షను పేరు, తరువాత "వైఫై" అడ్డగీత "సెక్" చుక్క "పీఎంఎఫ్", చివర ఖాళీ వదిలి 1 అంకె. ఆ ఒకటికి "ఆపు" అని అర్థం. నాకు మా ఇంట్లో పనిచేసింది ఇదే. మళ్ళీ కలపమనగానే పది సెకన్లలో కలిసింది.

ఒక మాట చెప్పాలి. ఇలా ఆపితే ఆ రక్షణ పోతుంది. పక్కింటివాడెవడైనా కావాలని మన కనెక్షను తెంచే అవకాశం ఉంటుంది. అయినా లోపల మాటలకి డబ్ల్యూపీఏ2 తాళం ఉంటుంది. విసిగిపోయి రౌటరుకి పాస్‌వర్డే తీసేసేవాళ్ళని చూశాను. ఆ రాత్రి నాకూ ఆ ఆలోచన వచ్చింది. అది మాత్రం చెయ్యకండి. గోడకి గోడ ఆనుకున్న మేడల్లో అది వీధి తలుపు తీసి పెట్టి పడుకోవడమే. అప్పటికి మన నెట్‌వర్కులో జరిగేదానికి మన పేరే చెబుతారు.

నాలుగో మెట్టు, వాటా నంబరు, అంటే ఐపీ చిరునామా. "ఐపీ అడ్రెస్" అని కొడితే మీ వైర్లెస్ కార్డు ఎదురుగా 192.168 తోనో, 10 తోనో మొదలయ్యే అంకెలు కనబడాలి. లేకపోతే తాళం తెరుచుకుంది గానీ చిరునామా ఇవ్వలేదన్నమాట. సాధారణంగా రౌటరుని ఒకసారి ఆపి వేస్తే సరిపోతుంది.

అయిదో మెట్టు బజారు. "ఐపీ రూట్" అని కొడితే "డిఫాల్ట్ వయా" పక్కన రౌటరు చిరునామా ఉంటుంది. దానికి "పింగ్" చేస్తే జవాబు వచ్చి, బయటి వెబ్‌సైట్లు మాత్రం రాకపోతే, తప్పు మీ లాప్‌టాపుది కాదు. ఈ సంగతి మాకు ఇక్కడ బాగా నేర్పింది 2021. ఆ ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకుంది. ఫిబ్రవరి మధ్య నుంచి రాత్రిపూట ఇంటర్నెట్టు ఆపేసేవారు. ఏప్రిల్‌లో వైర్లెస్ బ్రాడ్‌బ్యాండు కూడా ఆపించారు. అలాంటప్పుడు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చుంటే ఏం లాభం? మీ వాళ్ళు ఇలాంటి చోట ఉండి రెండు రోజులు ఫోను ఎత్తకపోతే, ముందు ఈ అయిదో మెట్టు గుర్తు తెచ్చుకోండి.

చివరగా, నేను ఆ రాత్రి చేసి ఉండాల్సిన పని ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోనుని యూఎస్‌బీ తీగతో లాప్‌టాపుకి తగిలించి, సెట్టింగుల్లో "యూఎస్‌బీ టెథరింగ్" వేస్తే, ఫోను అందుకుంటున్న వైఫైనే లాప్‌టాపుకి తీగ ద్వారా ఇస్తుంది. లినక్సులో దానికి వేరే డ్రైవరు కూడా అక్కర్లేదు. రెండు నిమిషాల పని. తీగ నా బల్ల సొరుగులోనే ఉంది. అవతల మనిషి ఎదురుచూస్తున్నప్పుడు ముందు పని జరగనివ్వాలి, తప్పు మర్నాడు వెతుక్కోవచ్చు.

తరువాతి ఆదివారం అమ్మ మళ్ళీ టీవీ ముందు కూర్చుంది. రెండు గంటల్లో ముప్ఫై నాలుగు ఫొటోలు అయ్యాయి. ఒక ఫొటోలో బాల్కనీ నుంచి వేలాడే తాడు చూసి, "దాని చివర గంట ఉండేదిరా, అది మోగితే నేనే పరిగెత్తేదాన్ని" అంది. కొన్ని మొహాల దగ్గర బాగా దగ్గరికి జరిగి, చాలాసేపు చూసి, "కనబడటం లేదు నాన్నా, ఇంకోటి వెయ్యి" అంది. వాటిని పక్కన పెట్టాను. పోయిన ఆ ఒక్క వారంలో ఆమెకి అవి కనబడేవో లేదో నాకు తెలియదు. ఇంకా నలభై పైచిలుకు ఉన్నాయి. ప్రతి ఆదివారం కూర్చుంటున్నాం. తీగ ఇప్పుడు లాప్‌టాపు సంచిలోనే ఉంటుంది.

మీ ఇళ్ళల్లో కూడా అలాంటి రేకుపెట్టెలు ఉండే ఉంటాయి. ఈ అయిదు మెట్లూ రాసుకున్న కాగితం రౌటరు పక్కన అంటించుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.