రాతిసీమ ఛాయాచిత్రములు: పదునైన డెవలపరు ఎంపిక
1856 ప్రాంతమున అలెగ్జాండర్ గ్రీన్‌లా అను సైనికోద్యోగి హంపీ శిథిలములను ఛాయాచిత్రములుగా గ్రహించినప్పుడు, ఆ హంపీయు నేటి అనంతపురము సీమయు ఒకే బళ్ళారి జిల్లాలోనివి. 1882లోగాని అనంతపురము వేరు జిల్లా కాలేదు. ఆయన వాడినది కాగితపు నెగటివు. కాగితపు పీచుల గుండ వెలుగు ప్రసరించుటచేత సన్నని గీతలు కొంత మెత్తబడుట ఆ పద్ధతికి సహజమే. ఫిల్మును ఇంటనే డెవలప్ చేసికొను నేటివారికి ఆ పీచుల బెడద లేదు. గుత్తికోట బురుజు ఆకాశమును తాకెడి గీతగాని, లేపాక్షి బసవన్న మెడలోని గంటల వరుసగాని ఎంత స్ఫుటముగా రావలెనో లెన్సు తరువాత నిర్ణయించునది డెవలపరే.

గ్రెయిన్ సన్నముగా నుండుటయు, అంచు పదునుగా నుండుటయు ఒకటేయని పలువురు తలంతురు, అది సరికాదు. 1927లో కొడాక్ సంస్థ వెలువరించిన డి-76 డెవలపరులో లీటరునకు 100 గ్రాముల సోడియం సల్ఫైటు కలదు. అంత సల్ఫైటు వెండిలవణపు కణముల అంచులను కొంచెము కరిగించి గ్రెయినును మృదువు చేయును. ఆ మృదుత్వమునకు మూల్యముగా రేఖల పదును కొంత పోవును. 1891లో అగ్ఫా సంస్థ పేటెంటు పొందిన రోడినాల్‌ను ఒక పాలునకు 50 పాళ్ళ నీరు కలిపి వాడినప్పుడు సల్ఫైటు అత్యల్పమగుటచే, గ్రెయిన్ దాగక కనబడును గాని, గీత కోసినట్లు వచ్చును. డి-76నే సమముగా నీరు కలిపి ఒక్కసారి వాడి పారబోసినచో ఈ రెంటికిని నడుమ నిలుచును.

పదునునకు కారణము సల్ఫైటు తక్కువగుట మాత్రమే కాదు. తెల్లని ఆకాశము క్రింద నల్లని గండశిలయున్న పటమును తీసికొందము. నెగటివులో ఆకాశభాగము నల్లబడవలసినది గనుక అక్కడ డెవలపరు త్వరగా వ్యయమై, బ్రోమైడు పుట్టును. శిలాభాగమున డెవలపరు తాజాగానే యుండును. నీరు పెట్టిన మడినుండి ఎండుమడికి గట్టు క్రిందుగా చెమ్మ ఊరునట్లు, ఆ తాజా ద్రవము హద్దు దాటి ఆకాశపు అంచులోనికి ఊరి దానిని మరింత నల్లచేయగా, ఇటు వచ్చిన బ్రోమైడు శిల అంచును నల్లబడనీయక అణచును. ప్రింటులో ఆకాశపు అంచు ఒకింత తెల్లగను, శిల అంచు ఒకింత నల్లగను తేలి, కన్ను దానినే పదునుగా గ్రహించును. ద్రావణము పలుచనై, ట్యాంకు కదలిక మితమైనప్పుడే ఇది చక్కగా జరుగును. నిమిషమునకొకమారు మెల్లగా తలక్రిందులు చేసిన చాలును. అసలు కదల్పకుండ గంటసేపు ఉంచెడి పద్ధతిని నేను మెచ్చను. ఫిల్ముపై బ్రోమైడు చారలు దిగి, ఆకాశము పాడగును.

అనంతపురమునకు పలుచని డెవలపరే తగినదని నేను గట్టిగా చెప్పుటకు ఎండ మరియొక కారణము. డెవలపింగు కాలములన్నియు సాధారణముగా 20 డిగ్రీలకు వ్రాయబడినవి. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలు మించు ఈ పీఠభూమిలో కుళాయినీరే 30 డిగ్రీలకు చేరును. ఆ వేడిలో చిక్కని డెవలపరు మూడు నాలుగు నిమిషములలో పని ముగించి, ఫిల్మును ఎగుడుదిగుడుగా వదలును. ఎఫ్.పి.4 ఫిల్మునకు 1:50 రోడినాల్‌లో 20 డిగ్రీల యొద్ద సుమారు 15 నిమిషములు పట్టును. 24 డిగ్రీల యొద్దను పది నిమిషములకు తగ్గదు. ఆ 24 డిగ్రీలను సాధించుటకు మంటికడవ సాయపడును. గాలి పొడిగానుండుట చేతనే ఇచ్చట కడవనీరు తీరసీమలోకంటె బాగుగ చల్లబడును. మధ్యాహ్నపు తీవ్రకాంతిలో తీసిన పటములందు తెలుపులు మండిపోకుండ అదుపుచేయుట కూడ పలుచని ద్రావణమునకే చేతనగును.

అయితే పలుచనిదానిలో అధికభాగము నీరే గనుక, నీటి గుణము పటమునకెక్కును. ఈ ప్రాంతపు బోరునీరు తరచు సున్నపు లవణములతో కఠినమై, ఫిల్ముపై తెల్లని పొడి పేర్చును. డెవలపరు కలుపుటకును, తుది కడుగుటకును ఆర్.వో. ప్లాంటులో దొరకు క్యాను నీరు వాడుట మేలు. ఏటికి 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే వాన కురియు సీమలో కుళాయి విప్పి అరగంట కడుగుట అన్యాయము. ఫిక్సరు గట్టిపరచునది కానప్పుడు, ట్యాంకు నింపి 5 మార్లు, నీరు మార్చి 10 మార్లు, మరల మార్చి 20 మార్లు తిరుగవేయు ఇల్ఫర్డ్ పద్ధతిలో మూడు ట్యాంకుల నీరే చాలును.

నెమ్మది ఫిల్ములకు, అనగా 125 వేగమునకు లోపలివానికి, రోడినాల్ 1:50నే కోరుకొనుడు. 400 వేగపు ఫిల్మునకును, మనుష్యుల ముఖములకును పలుచన చేసిన డి-76 మెరుగు, ఏలయన చర్మముపై ముతక గ్రెయిన్ ఎవరికిని నచ్చదు. రోడినాల్‌ను 1:100కు పలుచన చేయదలచిన, 300 మిల్లీలీటర్ల చిన్నట్యాంకులో 3 మిల్లీలీటర్ల మందు మాత్రమే పడి నిండు రోలునకు చాలకపోవచ్చును గనుక, పెద్దట్యాంకు తీసికొనవలెను. ఎంపికలో సందేహమున్నచో ఒకే కొండను ఒకే వెలుగులో రోలంతయు తీసి, చీకటిలో దానిని రెండుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క డెవలపరులో వేసి, కొండ అంచును భూతద్దముతో పోల్చి చూడుడు.