రాగ శబ్దార్థము

గోదావరిఖనిలో మేము గీతాప్రవచనము ముగించిన యొక రాత్రి, బొగ్గుబావి పని దిగి వచ్చి భజనలో కూర్చున్న కార్మికుడొకడు మమ్మిట్లు అడిగెను: “అయ్యగారూ! గీతల రాగం విడువుమంటిరి. భజనకేమో రాగం కావాలంటిరి. ఏది వినాలె?”

ప్రశ్న చిన్నది కాదు. రెండు చోట్లను శబ్దమొక్కటే. ‘రంజ్’ ధాతువునకు రంగు పట్టుట యని అర్థము. దానికి ‘ఘఞ్’ ప్రత్యయము చేరినప్పుడు, భావార్థమునను కరణార్థమునను మాత్రమే ధాతువులోని అనునాసికము లోపించునని పాణిని అష్టాధ్యాయి 6వ అధ్యాయమున విధించెను. అట్లు ‘రాగము’ సిద్ధించినది. లోపము లేని చోట ‘రంగము’. నటులాడు రంగస్థలము అదియే.

నేడు సినిమాపాటలకు వాడు ‘మెలోడీ’ గ్రీకు మాట. అందలి ‘మెలోస్’ శబ్దమునకు అవయవమనియు గీతమనియు అర్థములు. మన పూర్వులు పాటలో రంగును చూచిరి. మతంగుని బృహద్దేశియు జనచిత్తమును రంజింపజేయు ధ్వనినే రాగమన్నది.

మేమా కార్మికునితో ఇట్లంటిమి: “నాయనా! ఒంటి మీది బొగ్గుమసి నీళ్లకు పోవును. అద్దకపు రంగు నూలులోనికి దిగును. విషయములు మనస్సునకు పట్టిన రంగు భావార్థము. గీత విడువుమన్నది దానిని. మనస్సునకు రంగు పట్టించు సాధనము కరణార్థము. భజనలో నీవు పాడునది అది. ఆ సాధనముతో నామమును అద్దుకొనుము.”

“నాకు గొంతు లేదయ్యా” అని నవ్వి, తెల్లవారి మొదటి షిఫ్టు కలదని లేచెను. వీధి మలుపు వరకు వాని కూనిరాగము వినబడుచునే యుండెను. శ్రుతి మాత్రము తప్పినది.