మీ కారు కురుస్తోందా?

ఇల్లు కురిస్తే చుక్క పడే చోట ఓ గిన్నె పెడతాం. వాన వెలిశాక ఎవరినైనా పైకెక్కించి రెండు పెంకులు సర్దిస్తాం. మరి కారు కురిస్తే? చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. కాళ్ల కింది మ్యాటు తీసి ప్రహరీ గోడ మీద ఆరేస్తారు, కారు తలుపులు కాసేపు బార్లా తెరిచి పెడతారు, మళ్లీ వాన పడేదాకా ఆ సంగతి మరిచిపోతారు. పైకి ఆరిన మ్యాటు కింద ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

వరంగల్, హన్మకొండ, కాజీపేట వాళ్లకు వాన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. 2023 జులై 29న భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను మళ్లీ ఊరిని ముంచెత్తింది. అలాంటి వరదలో సీటు దాకా మునిగిన కారు కథ వేరు. దాన్ని స్టార్ట్ చేయకూడదు, తోయించి షెడ్డుకు చేర్చాలి, అంతే. మనం మాట్లాడుకునేది ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టిన బండిలోకి మామూలు వానకే నీళ్లు చేరడం గురించి.

మన వీధుల్లో పాత కార్లకు కొదవేం లేదు. 1983లో వచ్చిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది అంబాసిడర్ కూడా ఆగింది. జెన్, పాత శాంత్రో, ఓమ్ని ఇప్పుడు కొత్తవి దొరకవు. అయినా డ్రైవింగ్ నేర్చుకుందామని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బండో, పిల్లల్ని బడిలో దింపడానికని నాన్నగారు ఇచ్చేసిన బండో ఇంకా ఎంతోమంది నడుపుతున్నారు. మంచిదే. కానీ పదిహేను, ఇరవై ఏళ్లు మన మే నెల ఎండల్లో మాడిన రబ్బరు అప్పడంలా గట్టిపడిపోతుంది. గట్టిపడిన రబ్బరు నీటిని ఆపదు.

తడి కనిపించదు, తుప్పు ఆగదు

కారు ఫ్లోర్‌లో పైన కనిపించేది కార్పెట్. దాని కింద మందపాటి ఫెల్టో, స్పాంజో ఉంటుంది. అది చెంబుల కొద్దీ నీళ్లు పీల్చుకుని కూర్చుంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, కింద రేకు మాత్రం వారాల తరబడి నానుతూనే ఉంటుంది. సీటు బోల్టులు, సీటు బెల్టు కొక్కేలు బిగించి ఉండేది ఆ చుట్టుపక్కల రేకుకే. అది చివికిపోతే బెల్టు పెట్టుకున్నా నమ్మకం ఉండదు. ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే బండి పరిస్థితి చూపించాలి కదా, అప్పుడు తుప్పు పట్టిన ఫ్లోర్ బయటపడక తప్పదు.

ఇంకోటి, ఆ ముక్క వాసన. తలుపు తీయగానే గుప్పుమనే వాసన బూజుది. ఉబ్బసం ఉన్న పిల్లలు, పెద్దవాళ్లు ఆ బండిలో రోజూ తిరిగితే ఇబ్బంది పెరుగుతుంది. డాష్‌బోర్డుకు ఎన్ని సెంటు డబ్బాలు తగిలించినా లాభం లేదు. ముందు నీళ్లు ఆగాలి.

ముందు రకం తేల్చుకోండి

కారులో తడి ఉన్నంత మాత్రాన అది వాన నీరే కానక్కర్లేదు. ఎండ కాస్తున్న రోజున, ఏసీ వేసుకుని తిరిగాక పక్క సీటు ముందు తడి కనిపించిందా? అది ఏసీ నీరు. ఉక్కపోత రోజున ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నేల మీద చుక్కలు పడుతుండాలి. పడటం లేదంటే ఆ సన్నటి పైపు దుమ్ముతో పూడుకుపోయి నీళ్లు లోపలికి మళ్లుతున్నాయన్నమాట. మెకానిక్ చిన్న వైరుతోనో గాలితోనో ఊది శుభ్రం చేస్తాడు. అదే తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వేస్తూ, అద్దం మీద మసక పొర కడుతుంటే అది కూలెంట్. హీటర్ దగ్గర కారుతోందని అర్థం. దాన్ని వాయిదా వేయొద్దు, ఇంజన్ వేడెక్కిపోతుంది. కూలెంట్ విషం కూడా, పిల్లల చేతికి తగలనివ్వకండి.

ఈ రెండూ కాకపోతే ఇక వాన నీరే.

నీళ్ల దారి పట్టుకోవడమెలా?

హన్మకొండలో పాతికేళ్లుగా టింకరింగ్ పని చేస్తున్న ఒకాయన చెప్పిన మాట ఇది: "నీళ్లు కనబడ్డకాడికెల్లే రావమ్మా. పైన యాడనో దూరి, రేకు వెంబడి జారుకుంట అచ్చి ఈడ తేల్తయి." అక్షరాలా నిజం. వెనక సీటు కింద నీళ్లు నిలిస్తే దోషం ముందు అద్దానిది కావచ్చు. అందుకే తడి కనిపించిన చోట సీలెంటు పూసేయడం డబ్బు దండగ.

పరీక్షకు ఇద్దరుండాలి. ఒకరు బయట, ఒకరు టార్చిలైటుతో లోపల. బాగా ఎండిన బండిలో మ్యాట్లన్నీ తీసేసి ఫ్లోర్ మీద పాత దినపత్రికలు పరవండి. అనుమానం ఉన్న అంచుల వెంట లోపలి వైపు కాస్త టాల్కం పౌడర్ చల్లండి. నీటి బొట్టు నడిచిన దారి పౌడర్‌లో గీతలా తెలిసిపోతుంది. ఇప్పుడు బయట ఉన్నవాళ్లు మొక్కలకు పెట్టే గొట్టంతో నీళ్లు సన్నగా వదలాలి. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ఒక్కో చోట ఐదు నిమిషాలన్నా ఆగాలి. మొదటే టాపు మీద గుమ్మరిస్తే నీళ్లు అన్ని వైపులా జారిపోయి ఏమీ తేలదు. కార్లు కడిగే షాపులో ప్రెషర్ గన్‌తో కొట్టించి చూద్దామనుకోకండి. ఆ జోరుకు మంచి రబ్బరు సందుల్లోంచి కూడా నీళ్లు దూరతాయి.

వేపాకు చేసే చేటు

ఎక్కువ బళ్లలో దొంగ దొరికేది వైపర్ల కిందే. బానెట్‌కూ ముందు అద్దానికీ మధ్య నల్లటి జాలీ ఉంటుంది చూడండి. అద్దం మీద పడ్డ వాననీరు దాంట్లోకి దిగి, లోపల ఉన్న తొట్టిలాంటి చోటు నుంచి రెండు పక్కలా రంధ్రాల గుండా కిందికి పోవాలి. వేపాకు, కానుగాకు, గుల్‌మొహర్ రేకలు ఆ తొట్టిలో కుళ్లి మట్టిలా పేరుకుంటే రంధ్రాలు మూసుకుపోతాయి. బ్లోయర్ గాలి పీల్చుకునే దారి కూడా అక్కడే కదా, నిండిన నీళ్లు ఆ దారినే పక్క సీటు కాళ్ల దగ్గరికి దిగుతాయి. అద్దం రబ్బరు మార్చి, సీలెంటు పూసి, అయినా నీళ్లు ఆగలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం గుప్పెడు ఆకులే. బానెట్ ఎత్తి చేత్తో ఆకులు తీసేసి, రెండు మగ్గుల నీళ్లు పోయండి. కారు కింద రెండు వైపులా ధారగా పడితే దారి సాఫీగా ఉన్నట్టే. వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

తలుపుల సంగతి వింటే ఆశ్చర్యపోతారు. కారు తలుపు లోపలికి నీళ్లు వెళ్లడం తప్పు కాదు, అది అలాగే తయారైంది! అద్దం మీద జారిన నీరు తలుపు పొట్టలోకి దిగి, అడుగు అంచున ఉన్న చిన్న రంధ్రాల నుంచి బయటికి పోతుంది. ఆ రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తలుపు వేసినప్పుడల్లా లోపల నీళ్లు గలగలమంటాయి. ఓ చీపురు పుల్లతో పొడిస్తే చాలు. ఇక తలుపు పొట్టలో నీళ్లు మన కాళ్ల వైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఓ పాలిథిన్ షీటు అతికించి ఉంటుంది. స్పీకర్లు పెట్టేవాళ్లు, పవర్ విండోలు బిగించేవాళ్లు దాన్ని చింపి పారేస్తారు, లేదా సగం ఊడదీసి వదిలేస్తారు. పాటలు మోగుతాయి, కార్పెట్ తడుస్తుంది! మందపాటి పాలిథిన్ కోసి, బ్యుటైల్ టేపుతో చుట్టూ అతికిస్తే సరిపోతుంది. షీటు కింది కొస మాత్రం రేకు సందులోకి, అంటే తలుపు పొట్ట వైపుకే దిగి ఉండాలి. లేకపోతే కష్టమంతా వృథా.

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌కు నోటు పరీక్ష చేయండి. పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి మెల్లగా లాగాలి. బిగుతుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. జారిపోతే అక్కడ అది నొక్కుకుపోయింది. ఒక్కోసారి రబ్బరు బాగానే ఉంటుంది, తలుపే కీలు దగ్గర వాలి ఉంటుంది. అప్పుడు కొత్త బీడింగ్ అమ్మేవాడి మాట కంటే తలుపు సరిచేసేవాడి మాట వినాలి.

మారుతీ 800, ఓమ్ని లాంటి పాతవాటిలో ముందు అద్దాన్ని పట్టి ఉంచేది కూడా రబ్బరు బీడింగే. మూలల దగ్గర చిట్లితే నీళ్లు డాష్‌బోర్డు వెనక్కి దిగుతాయి. అక్కడే ఫ్యూజులు, వైర్లు ఉంటాయి. అకారణంగా వైపర్ తిరగడం, హారన్ దానంతటదే మోగడం ఇందువల్లే కావచ్చు. అద్దం తీసినప్పుడు కింద రేకు తుప్పు గీకించి, ప్రైమర్ వేయించాకే కొత్త రబ్బరు పెట్టించండి. తుప్పు మీద పెట్టిన రబ్బరు రెండు వానలకు మించి ఆగదు. తర్వాతి కాలం కార్లకు అద్దాన్ని జిగురుతో అతికిస్తారు. అది తెలిసిన అద్దాల షాపులోనే చేయించాలి.

యాంటెన్నా మొదలు, పైన క్యారియర్ బిగించిన స్క్రూలు, టాపు పక్కన నీటి కాలువలో పగిలిన సీలెంటు, వెనక లైట్ల చుట్టూ వాషరు, ఇంజన్ వైపు నుంచి వైర్లు లోపలికొచ్చే చోట ఎలుకలు కొరికిన రబ్బరు మూతలు, ఇవన్నీ వరసగా చూడాల్సినవే. డిక్కీలో స్టెప్నీ టైరు తీసి కింద గుంట చూడండి. చాలామంది ఏళ్ల తరబడి అక్కడ చూడనే చూడరు.

ఏది పూయాలి, ఏది పూయకూడదు

వంటింటి సింకుకు వాడే సిలికాన్ చాలావరకు వెనిగర్‌లాంటి ఘాటు వాసన వేస్తుంది. అది ఆరుతూ వదిలే ఆమ్లం రేకును తుప్పు పట్టిస్తుంది, కారుకు పనికిరాదు. ఎం-సీల్ రాయిలా గట్టిపడుతుంది, ఎప్పుడూ అదిరే కారు రేకు మీద అది చిట్లిపోతుంది. రేకు అతుకులకు పాలీయురథేన్ సీలెంటు, విప్పి మళ్లీ బిగించే చోట బ్యుటైల్ టేపు అడగండి. రబ్బరు మెత్తబడుతుందని కిరోసిన్, డీజిల్ రాసేవాళ్లున్నారు. మొదట నిగనిగలాడుతుంది, తర్వాత ఉబ్బి పాడైపోతుంది. కొబ్బరి నూనె దుమ్మును అంటించుకుంటుంది. సబ్బు నీళ్లతో తుడిచి ఆరాక సిలికాన్ స్ప్రేనో, మెడికల్ షాపులో దొరికే గ్లిజరినో పల్చగా రాస్తే చాలు.

ఎలా ఆరబెట్టాలి?

దారి మూశాక లోపలి తడి పోవాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. కార్పెట్ ఓ మూల ఎత్తి, కింద పాత తువ్వాళ్లు కుక్కి నీళ్లు పీల్చనివ్వండి. బాగా నానితే సీట్లు విప్పించి కార్పెట్ పూర్తిగా బయటికి తీయించడమే మేలు. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే సీట్ల కింద పసుపు రంగు ప్లగ్గుల జోలికి మీరు పోవద్దు, మెకానిక్‌కే వదిలేయండి. కార్పెట్ రెండు వైపులా ఆరాలి, ఫెల్టు విరిగి ముద్దయితే కొత్తది వేయించుకోవాలి. ఈలోగా రేకు మీద తుప్పు గీకించి రంగు వేయించండి. స్క్రూడ్రైవర్ కొసతో నొక్కితే లోపలికి దిగిపోయే రేకుకు రంగు చాలదు, కొత్త ముక్క వెల్డింగ్ చేయించాల్సిందే. చివరగా కార్పెట్ మీద వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి దులిపేస్తే వాసన తగ్గుతుంది.

షెడ్డుకు వెళ్లినప్పుడు

"సార్ రాలేదా మేడమ్?" అనే ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. నవ్వేసి ఊరుకోండి. పరీక్షలో మీరు చూసింది మాత్రం వివరంగా చెప్పండి. "నీళ్లొస్తున్నాయి, చూడు బాబూ" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకూ తెలియదు, బిల్లు ఎక్కడ ఆగుతుందో మీకూ తెలియదు. "ఎడమ వైపు అద్దం కింది మూలలో గొట్టం పెట్టిన మూడు నిమిషాలకు చుక్క వచ్చింది" అంటే పని సగం అయిపోయినట్టే. పని పూర్తయ్యాక డబ్బులిచ్చే ముందు అక్కడే, మీ కళ్లెదుట నీళ్లు పోయించి చూడండి. సీలెంటు ఆరడానికి ఒక రోజు కావాలంటే మర్నాడు వచ్చి చూస్తామనండి.

బీమా ఇస్తుందేమో అనుకుంటే, వరదలో మునిగిన బండికి సొంత నష్టం కవరు ఉన్న పాలసీ పనికొస్తుంది, ఒట్టి థర్డ్ పార్టీ అయితే ఏమీ రాదు. రబ్బరు పాతబడి కురిసినదానికి మాత్రం ఏ పాలసీ డబ్బివ్వదు, అది అరుగుదల లెక్కలోకి పోతుంది.

ఇక ఎప్పుడు చేయించాలంటే, రోహిణి కార్తె ఎండల్లోనే. రేకు పొడిగా ఉంటేనే సీలెంటు పట్టుకుంటుంది. వానలు ముదిరాక షెడ్డులో బండ్లు బారులు తీరి ఉంటాయి, తడి రేకు మీదే పూసి పంపేస్తారు. మృగశిర మొదటి వాన పడిన రాత్రి సీట్ల ముందు ఒక్కో పత్రిక కాగితం పరిచి ఉంచండి. పొద్దున పిల్లలు ఎక్కకముందే తీసి చూస్తే తెలుస్తుంది.