కంప్యూటరు శాస్త్రంలో హాస్యరసం

మన ఆలంకారికులు రసాలను లెక్కించేటప్పుడు శృంగారం తరువాత హాస్యాన్నే పేర్కొన్నారు. అయితే ఆ రసం కావ్యాలకూ నాటకాలకూ పరిమితమైనదనీ, కంప్యూటరు వంటి శుష్క శాస్త్రంలో దానికి తావు లేదనీ సామాన్యుల అభిప్రాయం. ప్రోగ్రాములు వ్రాయడమే జీవనోపాధిగా గల ఈ వ్యాసకర్త అనుభవం ఇందుకు భిన్నమైనది. ప్రోగ్రామరులు నవ్వినంతగా తమను తాము చూచి నవ్వుకొనే వృత్తివారు అరుదు. ఆ నవ్వు వెనుక ఒక శాస్త్రసత్యమూ, ఒక నీతీ దాగి ఉన్నవి. వాటిని విశదీకరించడమే ఈ వ్యాసోద్దేశం.

మా వృత్తిలో బహుళ ప్రచారంలో ఉన్న ఒక హాస్యకథతో ప్రారంభిద్దాం. ఒక ఇల్లాలు ప్రోగ్రామరైన తన భర్తతో, “బజారుకు వెళ్లి ఒక పాల ప్యాకెట్టు తీసుకురండి. గుడ్లు ఉంటే ఆరు తెండి” అన్నది. ఆయన ఆరు పాల ప్యాకెట్లు మోసుకొని వచ్చాడు. “ఇన్ని పాలు ఎందుకండీ?” అని ఆమె నివ్వెరపోగా, “గుడ్లు ఉన్నాయి మరి!” అని ఆయన శాంతంగా సమాధానమిచ్చాడు.

ఈ కథలోని భర్త నిజానికి కంప్యూటరే. మనం చెప్పినది అది అక్షరాలా చేస్తుంది. చెప్పదలచుకొన్నది దానికి పట్టదు. మనుష్యుల సంభాషణలో సగం భావం మాటలలోనూ, తక్కిన సగం వినేవాని లోకజ్ఞానంలోనూ ఉంటుంది. ఆ లోకజ్ఞానం లేని యంత్రానికి ఆజ్ఞలు వ్రాసేవాడు పొరపాటు పడకుండా ఉండడం దుర్లభం.

ఆ పొరపాటుకే ‘బగ్’ అని పేరు, అనగా పురుగు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయంలోని మార్క్–2 అనే యంత్రం మొరాయించినది. దానిని విప్పి చూడగా ఒక మీటలో రెక్కలపురుగు ఇరుక్కొని కనిపించినది. అక్కడివారు దానిని తీసి, దినచర్య పుస్తకంలో అంటించి, నిజమైన పురుగు దొరకడం ఇదే మొదటిసారి అని చమత్కారంగా వ్రాసిపెట్టారు. పురుగుతో సహా ఆ పుటను స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర ప్రదర్శనశాల భద్రపరచినది. ‘బగ్’ అనే మాట ఈ సంఘటన వల్లనే పుట్టినదని పలువురు భావిస్తారు. కాని యంత్రదోషాన్ని పురుగు అనడం ఎడిసన్ 1878లో వ్రాసిన లేఖలోనే కనిపిస్తుంది. మాట పాతది కావడం వల్లనే ఆ చమత్కారం రక్తి కట్టినది. గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. వారు ఆ పురుగును పారవేసి ఊరుకొనలేదు. తేదీ వేసి నమోదు చేశారు.

పెర్ల్ అనే కంప్యూటరు భాషను సృష్టించిన లారీ వాల్, 1991లో వెలువడిన తన గ్రంథంలో ఉత్తమ ప్రోగ్రామరుకు మూడు సద్గుణాలుండాలన్నాడు. అవి సోమరితనం, అసహనం, అహంకారం! పెద్దలు మనకు నేర్పిన నీతులన్నీ తలక్రిందులైనట్లు తోచును. కాని భావం వేరు. మూడువందల మంది విద్యార్థుల హాజరు శాతాన్ని నెలనెలా చేతితో గుణించడానికి బద్ధకించినవాడే, ఒకనాడు కష్టపడి ఆ పని చేసే ప్రోగ్రాము వ్రాస్తాడు. యంత్రం నత్తనడకను సహించలేనివాడే దానికి వేగం నేర్పుతాడు. తన పనిని మరొకరు వేలెత్తి చూపరాదనే అభిమానం గలవాడే దానిని చక్కగా తీర్చిదిద్దుతాడు. విచారకరమేమనగా, కొందరు యువకులు ఈ వివరణను విడిచి మూడు గుణాలను మాత్రమే అలవరచుకొంటున్నారు. రాత్రులు మేలుకోవడం, చెదరిన జుట్టు, ఎదుటివారిని తృణీకరించడం ప్రోగ్రామరు లక్షణాలు కావు. అవి వేషం మాత్రమే.

ఇంటర్నెట్టు నియమాలను ప్రకటించే పత్రాలకు ఆర్.ఎఫ్.సి. అని పేరు. వాటి మధ్య ఏప్రిల్ ఒకటవ తేదీన పరిహాస పత్రాలు వెలువడడం ఒక ఆచారం. 1990లో వచ్చిన 1149వ పత్రం, సమాచారాన్ని పావురాల కాలికి కట్టి పంపే పద్ధతిని గంభీరంగా నిర్దేశించినది. 2001లో నార్వేలోని బెర్గెన్ నగరంలో కొందరు ఉత్సాహవంతులు దీనిని నిజంగానే ప్రయోగించారు. తొమ్మిది సందేశాలు పంపగా నాలుగింటికే జవాబు వచ్చినది. అన్నిటికంటె వేగంగా వచ్చిన జవాబుకే యాభై నిమిషాలు దాటినది. హైదరాబాదు పాతబస్తీ మేడలపై పావురాలు పెంచే మన పెద్దలను సంప్రదించి ఉంటే ఫలితం మెరుగ్గా ఉండేదేమో! ఈ ప్రయోగం ఒక సత్యాన్ని నిరూపించినది. సందేశాన్ని మోసేది తీగయైనా, రేడియో తరంగమైనా, పావురమైనా నియమాలు మారవు. పైగా, సందేశాలు దారిలో పోవచ్చునని ముందే ఒప్పుకొని, పోయినవాటిని తిరిగి పంపే ఏర్పాటు చేసుకొన్నందువల్లనే ఇంటర్నెట్టు నిలబడినది.

1998లో ఇదే తేదీన కాఫీపాత్రలను దూరం నుండి నడిపే నియమావళి వెలువడినది. ఎవరైనా టీపాత్రను కాఫీ కాయమని ఆజ్ఞాపిస్తే, “నేను టీపాత్రను” అని తెలుపుతూ అది 418 అనే సంఖ్యను పంపవచ్చునట! ఇరానీ చాయ్ అభిమానులకు ఇందులోని ఆత్మగౌరవం బోధపడక మానదు. తనకు చేతకాని పనిని చేతకాదని స్పష్టంగా చెప్పడం యంత్రానికే కాదు, మనిషికీ శోభ.

ఈ వినయానికి పరాకాష్ఠ డోనాల్డ్ నూత్. 1968లో మొదటి సంపుటం వెలువడిన ఆయన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ ఈ శాస్త్రానికి మూలస్తంభం. తన పుస్తకాలలో తప్పును మొదటగా పట్టి చూపినవారికి ఆయన 2.56 డాలర్ల బహుమతి ప్రకటించాడు. పదహారు మూలంగా గల లెక్కలో నూరు అంటే 256. కనుక 256 సెంట్లు ఆ లెక్కలో ఒక డాలరు. చెక్కులు అందుకొన్నవారిలో అనేకులు వాటిని మార్చుకొనక పటం కట్టించి గోడకు తగిలించుకొన్నారు. ఖాతా సంఖ్యల విషయంలో మోసాల భయం వల్ల 2008 నుండి ఆయన ఒక కల్పిత బ్యాంకు పేరిట డిపాజిట్ పత్రాలు ఇవ్వసాగాడు. తన తప్పుకు తానే వెల కట్టి చెల్లించే పండితుడు ఎంత పూజ్యుడు!

ఇక మన భాషల సంగతి. 2015 మే నెలలో, అరబ్బీ అక్షరాలు కొన్ని కలిసిన ఒక సందేశం అందగానే ఐఫోనులు ఆగిపోయి తిరిగి మొదలయ్యేవి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు ‘జ్ఞా’ వంతు వచ్చినది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనిపించని ఒక సంకేతం, దీర్ఘం ఆ వరుసలో వస్తే, దానిని చూపబోయిన సందేశపు ప్రోగ్రాము కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ దిద్దుబాటు విడుదల చేసినది. జ్ఞానంలోని మొదటి అక్షరాన్నే యంత్రం జీర్ణించుకోలేకపోయినదని మనం నవ్వుకోవచ్చును. కాని ఆ నవ్వులో కొంత చేదు ఉన్నది. ‘అల్గారిథం’ అనే మాట 9వ శతాబ్దపు బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చినది. సున్నకు గణిత నియమాలు 628లో బ్రహ్మగుప్తుడు చెప్పినవి. ఆ వారసత్వం గల లిపులలో దోషాలు, కోట్లమంది చేతులలోనికి ఫోనులు చేరిన తరువాత బయటపడినవి. ఉర్దూ, తెలుగు ఎరిగినవారు ఆ పరీక్షలకు ముందే కూర్చొనకపోతే ఇట్టివి మరల సంభవించక మానవు.

కనుక విద్యార్థి మిత్రులకూ, కళాశాల కార్యవర్గం వారికీ ఒక చిన్న మనవి. మన కంప్యూటరు ప్రయోగశాలలో ఒక పుస్తకం ఉంచుదాం. ప్రతి విద్యార్థీ తాను చేసిన తప్పును, దానిని కనుగొన్న విధాన్ని, తేదీతో సహా, ఉర్దూలోగాని తెలుగులోగాని అందులో వ్రాయాలి. ఎవరూ ఎవరినీ ఎగతాళి చేయరాదు. వ్రాసినవాడు మాత్రం నవ్వుకోవచ్చును. తన తప్పును చూచి నవ్వగలిగినవాడు దానిని దాచడు; దాచనివాడే దిద్దుకొంటాడు. కంప్యూటరు శాస్త్రంలోని హాస్యరసానికి ఇదే ఫలశ్రుతి.