రామగిరి బంగారం

అనంతపురం సీమ అనగానే ఏం గుర్తుకొస్తుంది? కరువు. ఎర్ర నేల. ఎండిన శనక్కాయ చేను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే సీమ ఇది. ఆ వాన కూడా అదునుకు పడదు.

కానీ ఈ సీమ రాళ్లలో బంగారం ఉంది. తొలకరి వాన పడితే వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాలు వెదకడం మనకు తెలిసిందే. రామగిరి బంగారం కథ మాత్రం చాలామందికి తెలియదు.

రామగిరి ధర్మవరానికి నైరుతి దిక్కున ఉంది. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

రాయిలోకి బంగారం ఎలా వచ్చింది?

ఇది సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పటికి మనుషులు లేరు. చెట్లూ లేవు. భూమి లోపల నీళ్లు సలసల కాగుతుండేవి. ఆ నీళ్లలో బంగారం కరిగి ఉండేది. నీళ్లు రాతి పగుళ్లలోకి ఎక్కాయి. పైకి వచ్చేకొద్దీ చల్లారాయి. పగుళ్లలో తెల్లని పలుగురాయి గట్టిపడింది. దాంతోపాటు బంగారమూ అక్కడే నిలిచిపోయింది.

అయితే తెల్లగా మెరిసే ప్రతి పలుగురాయిలోనూ బంగారం ఉండదు. ఉన్న చోట కూడా కంటికి కనబడనంత సన్నగా ఉంటుంది. టన్ను రాయిలో 5 గ్రాములు ఉంటే గని తవ్వవచ్చు అంటారు. అంటే 10 గ్రాముల బంగారానికి రెండు టన్నుల రాయి పొడి కొట్టాలి.

ఎవరు తవ్వారు?

పూర్వం మన వాళ్లే తవ్వారు. రాయిని నూరి, బియ్యం గాలించినట్టు నీళ్లలో గాలించేవారు. బరువైన బంగారం అడుగున మిగిలేది. వారు తవ్విన పాత గుంతల గుర్తులు పట్టుకొని తెల్లదొరల కాలంలో కంపెనీలు వచ్చాయి. యంత్రాలు పెట్టాయి. 1927 నాటికి ఆ గనులు మూతపడ్డాయి.

స్వాతంత్ర్యం వచ్చాక భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ రామగిరిలో మళ్లీ గని నడిపింది. కర్ణాటకలోని కోలారు గనులూ ఆ సంస్థవే. కోలారులో మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు. అక్కడ పని చేసిన వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగింది. బంగారం తగ్గింది. 2001లో కోలారు, రామగిరి గనులు రెండూ మూతపడ్డాయి.

బంగారం ఆశ మన దగ్గరే కాదు, లోకమంతా ఉంది. ఉత్తరాన మంచు దేశం కెనడా. అక్కడ క్లాండైక్ అనే చోట 1896లో బంగారం దొరికింది. ఆ కబురు విని లక్ష మంది దాకా బయలుదేరారు. మంచు కొండలు దాటలేక సగానికి పైగా దారిలోనే ఆగిపోయారు. చేరినవారిలోనూ ఎక్కువమందికి మిగిలింది వట్టి చేతులే.

దుమ్ము చేసే చేటు

బంగారం బయటికి పోయింది. దుమ్ము మాత్రం కూలివాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలింది. పలుగురాయి పగిలినప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది. అది గాలితో పాటు లోపలికి పోతుంది. మళ్లీ బయటికి రాదు. కొన్నేళ్లకు దగ్గు, ఆయాసం మొదలవుతాయి. నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. కాబట్టి రాకుండా చూసుకోవాలి.

గని మూతపడితే ఈ జబ్బు పోయినట్టేనా? కాదు. కరువులో చేను ఎండితే ఎంతోమంది ఆడవాళ్లు కంకర మిషన్లకు, రాళ్లు కొట్టే పనికి పోతున్నారు. అక్కడా అదే దుమ్ము.

ఆ పనికి పోయేవారు ఈ సంగతులు గుర్తు పెట్టుకోవాలి:

రాయి మీద నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. నీళ్లు చల్లించమని యజమానిని అందరూ కలిసి అడగాలి.

ముక్కుకు పైట కొంగు కట్టుకుంటే చాలదు. సన్నటి దుమ్మును ఆపే మాస్కు కావాలి.

దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి. "నేను రాళ్ల పని చేస్తాను" అని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ దగ్గు క్షయ దగ్గులాగే ఉంటుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తొందరగా పడుతుంది.

ఎక్కడ, ఎన్ని రోజులు పని చేశారో తేదీలతో ఒక పుస్తకంలో రాసుకోవాలి. కూలి చీటీలు దాచుకోవాలి. పని వల్ల వచ్చిన జబ్బుకు నష్టపరిహారం అడిగే హక్కు చట్టంలో ఉంది. అడిగేటప్పుడు రుజువు చూపాలి. అందుకు ఆ కాగితాలే ఆధారం.

ఇప్పుడు రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. కింద పాత గనులు మూతపడి ఉన్నాయి. మన మెడలోని పుస్తె వెనుక ఎక్కడో ఒక కూలి మనిషి ఊపిరి ఉంది. బంగారం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఊపిరి పోతే కొనగలమా?